తుంగభద్రకు ఒక క్యాను నీళ్లు

ఏటికి నీళ్లు మోసుకుపోయే మనిషిని ఎక్కడైనా చూశారా? నారాయణమ్మ మోసింది. విడపనకల్లు పక్క పల్లె నుంచి బళ్లారి మీదుగా బస్సులు మారుతూ, మూత బిగించిన పాలక్యానును ఒళ్లో పెట్టుకుని ఆనెగొంది దాకా వచ్చింది.

"అత్తా, బస్సంతా నవ్వుతాండాది. ఆడ ఏరే ఉండాది కదా," అంది కోడలు వనజాక్షి మూడోసారి.

"నవ్వనీలే. మొక్కుకున్నది నేను."

పోయిన ఏడాది మిరపచేను మాడిపోతుంటే తుంగభద్ర కాలువ నుంచి ఆఖరి తడి అందింది. ఆ ఒక్క తడితో పంట నిలబడింది, ఇల్లూ నిలబడింది. వాళ్ల ఊళ్లో పక్కింటి గిన్నె తెచ్చుకుంటే ఖాళీగా తిరిగివ్వరు, గుప్పెడు శనక్కాయలైనా వేసిస్తారు. మరి చేనంతా తడిపిన తల్లి దగ్గరికి వట్టి చేతులతో పోవడమా? అందుకే కాలువ నీళ్లు వడగట్టి క్యాను నింపింది, ఏట్లో పోసి దండం పెట్టుకుంటానని.

పాతకోట వాకిలి దాటి, గుండ్ల నడుమ రాతి ఇళ్ల వీధిలో నడుస్తుంటే, మండపం మెట్ల మీద అరటిపళ్ల గంపతో ఒక ముసలామె తూలుతూ కనిపించింది. ఎండదెబ్బ తగిలింది.

"తాయీ, రవ్వన్ని నీళ్లు," అంది కన్నడం కలిసిన తెలుగులో.

వనజాక్షి సీసా ఎప్పుడో ఖాళీ అయింది. చుట్టూ తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఏరు ఇంకా దూరం.

నారాయణమ్మ చెయ్యి మూత మీదే ఆగిపోయింది. మొక్కు తప్పితే, వచ్చే ఏడాది కాలువ రాకపోతే? కానీ దాహం సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా. మూత తీసింది. ముసలామె తాగింది, ముఖం కడుక్కుంది, మిగిలినవి నెత్తిన పోయించుకుంది.

తేరుకున్నాక క్యానును చేతిలోకి తీసుకుని, "ఖాళీగా ఇయ్యకూడదమ్మా," అంటూ అందులో నాలుగు అరటిపళ్లు వేసింది. ఈడ కూడా ఇదే పద్ధతా అనుకుంది నారాయణమ్మ.

ఏటి ఒడ్డుకు చేరాక ఒక పండును నీళ్లలో వదిలి చేతులు జోడించింది.

"నీ నీళ్లు నీ ఊరి మనిషే తాగింది తల్లీ. నా మొక్కు అందిందనుకో. నువ్వు చేసిన మేలు మరిసిపోను."

వనజాక్షి మిగిలిన పళ్లు సంచిలో వేసి, చీర కుచ్చిళ్లు దోపుకుని ఏట్లోకి దిగింది. క్యానును అంచుల దాకా ముంచింది.

"అదెందుకే?"

"ఈ ఏటి తల్లి మాత్రం మన క్యాను ఖాళీగా పంపుతాదా అత్తా?"

తిరుగు బస్సులో క్యాను వనజాక్షి ఒళ్లో ఉంది.