తీయించిన నీళ్ళ గిన్నెలు

జార్జి రాజు సైన్యంలోని కెప్టెన్ డన్‌బార్ భోజనానికి వస్తున్నాడని కబురు రాగానే గ్రిజెల్ దొరసాని చేసిన మొదటి పని, బల్ల మీద చేతులు కడుక్కునే నీళ్ళ గిన్నెలన్నీ తీయించేయడం. తన తెలివికి తానే మురిసింది కూడా. ఆ ఇంట్లో రాజుగారి పేర తాగేటప్పుడు గ్లాసును నీళ్ళ మీదుగా తిప్పి తాగడం ఏనాటి నుంచో అలవాటు. తాగేది లండన్‌లో ఉన్న జార్జికి కాదు, గద్దె పోయి సముద్రం అవతల తలదాచుకున్న స్టూవర్ట్ రాజుకి అని దానర్థం. భర్త లాక్లన్ దొర చెయ్యి అలవాటు కొద్దీ అటే పోతుందని ఆవిడ భయం.

కొంప నిలబెట్టుకోవడానికి ఆయన ఎక్కని గుమ్మం లేదు. కుర్రతనంలో స్టూవర్ట్‌ల కోసం కత్తి పట్టి భూములు పోగొట్టుకున్నాడు. జార్జికి ప్రమాణం చేసి తిరిగి తెచ్చుకున్నాడు. నిరుడు స్టూవర్ట్ యువరాజు గద్దె కోసం ఓడ దిగినప్పుడు మొగుడూ పెళ్ళాం కూడబలుక్కుని పెద్దకొడుకు ఈవెన్‌ని యువరాజు వైపూ, చిన్నవాడు హెక్టర్‌ని జార్జి వైపూ పంపారు. ఎవరు గెలిచినా ఇల్లు మిగులుతుందనుకున్నారు. యువరాజు ఓడిపోయిన కలోడెన్ యుద్ధంలో ఈవెన్ పోయాడు. ఇప్పుడీ కెప్టెన్ ఏ ఇల్లు తగలబెట్టాలో, ఏది వదిలేయాలో తేల్చుకుంటూ ఊరూరా తిరుగుతున్నాడు.

కెప్టెన్ గొర్రె మాంసం బాగుందంటూ తృప్తిగా తిన్నాడు. తర్వాత బల్లంతా ఒకసారి కలయజూశాడు.

"గిన్నెలు ఎత్తించేశారేం అమ్మగారూ? మా ఇంట్లో ఏనాడూ తీయాల్సిన పని పడలేదు."

గ్రిజెల్‌కి తీసేయడమంటే ఒప్పేసుకోవడమేనని ఇంత వయసొచ్చినా తట్టలేదు. కెప్టెన్ ఒక గిన్నె తెప్పించి దొర ముందు పెట్టించి, లేచి నిలబడి జార్జి రాజు పేర గ్లాసెత్తాడు.

దొర గ్లాసు నీళ్ళ అంచుదాకా వచ్చి ఆగింది. ఇల్లు తగలబడితే తగలబడనీ, ఇద్దరు రాజుల మధ్య ఈ విసుగైనా తీరుతుంది అనిపించింది గ్రిజెల్‌కి. దొర చెయ్యి వెనక్కి వచ్చి తిన్నగా నోటికి పోయింది.

ఇంటికేం భయం లేదని చెప్పి కెప్టెన్ గుర్రమెక్కాడు.

దొర కుర్చీలోంచి లేవలేదు. "ఎవరికి తాగానే?" అన్నాడు.

"బతికున్నవాడికి. హెక్టర్‌కి."

"మరి పెద్దాడికో?"

గ్రిజెల్ గిన్నెను ఆయన ముందుకు జరిపింది. ఆయన గ్లాసును నీళ్ళ మీదుగా మెల్లగా తిప్పి పెదవులకు ఆనించుకున్నాడు. అందులో చుక్క కూడా లేదు. ఆవిడ పొయ్యలేదు, ఆయన అడగలేదు.