పంటు రేకు

మధ్యాహ్నమయ్యేసరికి మార్త క్యారియరు పట్టుకుని గన్నవరం బస్సులో వచ్చి పటమటలో దిగేది. భర్త సంజీవరావు సెలవు పెట్టి, రత్తయ్య షెడ్డులో తండ్రి నాటి మోరిస్ కారు బాగుచేయిస్తున్నాడు. వానొస్తే నీళ్ళు కాళ్ళ మీదికి, ఎండకాస్తే ఇంజను వేడి మొహం మీదికి కొట్టే కారు అది. ఇంజనుకీ సీట్లకీ మధ్య అడ్డంగా ఉండే రేకు తుప్పు పట్టి జల్లెడైపోయింది.

"కారు బాగవగానే మైలవరం వెళదాం. మీ అమ్మ దగ్గర కొన్నాళ్ళుందువుగాని," అన్నాడతను.

బిడ్డ పోయినప్పటి నించీ మార్తకి నిద్ర లేదు. చీకట్లో ఇల్లంతా తిరిగేది. "ఆ అడుగుల చప్పుడుకి నా ప్రాణం పోతోందిరా," అని అత్త శౌరమ్మ కొడుకు దగ్గర పోరేది. మైలవరం ప్రయాణానికి అత్త సర్దిన ట్రంకుపెట్టెని మార్త తెరిచి చూసింది. అడుగున పెళ్ళిచీర ఉంది. కొన్నాళ్ళకి పెళ్ళిచీరెందుకు?

ఆ రోజు సంజీవరావు రంగు డబ్బాల కోసం గవర్నరుపేట వెళ్ళాడు. రత్తయ్య అప్పటికే ఇంజను దించి, పాత రేకుని కోసి తీశాడు. పట్టుకున్నచోటల్లా పొడిపొడిగా రాలిందది. దాని కొలతకి అట్ట కత్తిరించి, స్టీరింగు కడ్డీకీ వైర్లకీ చిల్లులు గుర్తు పెట్టుకున్నాడు.

"కొత్త రేకు బజార్లో దొరకట్లేదమ్మా. ఉన్నది ఇదొక్కటే," అని మూలకి చూపించాడు. "కృష్ణలో జనాన్ని దాటించిన పాత పంటు టాపుది."

మార్తకి తెలుసు. బ్యారేజీ మీద బస్సులు మొదలయ్యాక ఆ పంటుని ముక్కలు చేసి అమ్మేశారు. ఆ రేకుతో తలుపు చేయించుకున్న సోడాకొట్టు వెంకటప్పయ్య, సందు చివర ఎవరైనా దాహంతో వస్తుంటే కొట్టు మూయలేడు. తలుపు రాదు. పాపం, ఎప్పుడూ చల్లారిన అన్నమే తింటాడు.

"ఇది వేస్తే, ఎక్కాల్సిన మనిషి ఒడ్డున ఉండగా బండి కదలదు మరి. అయ్యగారినొక మాట అడిగి..."

"ఎక్కాల్సిన మనిషని దానికెట్లా తెలుస్తుంది?"

"తీసుకొచ్చిన మనిషిని తీసుకెళ్ళాలి గదమ్మా. పంటు పద్ధతి."

మార్త క్యారియరు గిన్నెలు విప్పుతూ, "అదే వెయ్యండి. ఆయనకి నేను చెప్తాలే," అంది.

చెప్పలేదు.

మైలవరంలో తల్లి అమలమ్మ మజ్జిగ తెచ్చేలోపే సంజీవరావు ట్రంకుపెట్టె అరుగు మీద దించేసి, "మరి వస్తానండీ," అన్నాడు. కారెక్కి తాళం తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. హ్యాండిలు పెట్టి చెమటలు కారేదాకా తిప్పాడు. వీధిలో వాళ్ళు నలుగురొచ్చి తోశారు. చక్రం ఇసుమంతైనా కదల్లేదు.

"కారా ఇది, కల్లంలో పాతిన రాటా?" అన్నాడు ఎదురింటి బసవయ్య. వంగి లోపలికి చూసి, రేకుని వేలితో తట్టి విన్నాడు. "పంటు రేకండీ ఇది. అమ్మాయిని ఎక్కించుకోండి, అదే కదుల్తుంది." తువ్వాలు దులుపుకుని ఆయన వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు.

సంజీవరావు మార్త వైపు చూశాడు. "రేకు సంగతి నీకు తెలుసా?"

"తెలుసండీ."

రేకు వెయ్యమన్న రోజు, తనని వదిలేసి అతను పోకూడదు, అంతే అనుకుందామె. ఆ ఇంటికి మళ్ళీ పోవాలని తనకుందో లేదో ఎన్నడూ అనుకోలేదు. అరుగు దిగి, కారు వైపు ఒక అడుగు వేసింది. తాళం తిప్పకుండానే ఇంజను గుర్రుమంది. అడుగు వెనక్కి తీసుకుంది. ఇంజను ఆగిపోయింది. ఇంకోసారి చేసి చూసింది.

సంజీవరావు చేతుల గ్రీజు రుమాలుకి తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అమలమ్మ తెచ్చిన మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"ఎప్పుడొస్తావు మార్తా?"

"ఇంకా అనుకోలేదండీ," అంది.