చప్పుడు ఎక్కువ... ఏమీ అనుకోవద్దు

ముందు వాన లాంటి చప్పుడు.

వాన కాదు. టేపు తిరుగుతున్న చప్పుడు. సన్నగా, ఆగకుండా, ఎక్కడో రేకుల మీద జల్లు పడుతున్నట్టు. ఆ జల్లులోంచి డ్రమ్ము వస్తుంది. డ్రమ్ము వెనక గొంతు. గొంతు వెనక... ఒక గది.

ఆ గదిలో తొమ్మిదేళ్ళ పిల్ల. పదిహేడేళ్ళ అన్న.

బల్ల మీద రేడియో. రేడియో ముందు టేప్ రికార్డరు, మూతికి మూతి ఆనించి. రెండింటికీ మధ్య తీగ లేదు. అలాంటి తీగ ఒకటి ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రేడియో పాడింది గాలిలోంచి వచ్చి టేపులో పడాలి — దారిలో ఇంకేం ఉంటే అవీ పడతాయి.

అందుకని అన్న ఒక రూలు పెట్టాడు. ఎర్ర మీట నొక్కాక ఎవరూ మాట్లాడకూడదు. కుర్చీ జరపకూడదు. తలుపు తీయకూడదు.

పిల్లకి వెక్కిళ్ళు వచ్చాయి.

ఒకటి. రెండు. గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడు. అన్నకి నవ్వు ఆగలేదు. గొంతు తగ్గించి అన్నాడు —

"నోరు మూసుకోవే... రికార్డవుతోంది."

ఆ తర్వాత పాటతో పాటు తనూ కూనిరాగం తీశాడు. తన రూలు తనే తప్పాడు.

మాట, నవ్వు, రాగం... అన్నీ కలిపి పదకొండు సెకన్లు.

రెండేళ్ళకి, ఒక మంగళవారం, అన్న లారీ కింద పడి పోయాడు.

ఫొటోలు మూడున్నాయి. మూడింటిలోనూ నోరు మూసుకునే ఉన్నాడు.

*

ఆ పిల్లకి ఇప్పుడు యాభై దాటాయి.

కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గది ఆమెది. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేముకి తగ్గట్టు అరగదీస్తుంది. రాయి తిరుగుతుంది. రాయి మీద నీళ్ళు పడుతుంటాయి. అద్దం అంచు తెల్లటి పిండిగా మారి నీళ్ళతో పాటు పోతుంది. అరమిల్లీమీటరు ఎక్కువ పోయిందా, ఫ్రేములో అద్దం నిలవదు. పోయినదాన్ని తిరిగి అతికించే రాయి లేదు.

ముప్పై ఏళ్ళుగా అదే పని.

మధ్యాహ్నం డబ్బా మూత తీసి, ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో ఫోన్ తెరుస్తుంది. ఫోన్‌లో గుంపు ఉంటుంది.

గుంపు పేరు 'రెండో వైపు'. క్యాసెట్టు రెండో వైపు. ఎనభైల్లో వచ్చిన ఒక పాప్ బ్యాండు అభిమానులు. ఐదుగురు కుర్రాళ్ళు, నాలుగు క్యాసెట్లు, తర్వాత గొడవ పడి ఎవరి దారిన వాళ్ళు. ఆ బ్యాండు పేరు చెబితే పదిమందిలో తొమ్మిదిమంది 'ఎవరు వాళ్ళు?' అంటారు. పదో మనిషి ఈ గుంపులో ఉంటాడు. అలాంటి వాళ్ళు రెండు వందల పన్నెండు మంది.

ఒకరి ముఖం ఒకరికి తెలియదు. పేర్లతో పిలుచుకోరు. గార్డు అంటే రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన ఆయన. లెక్కల టీచరు అంటే లెక్కల టీచరు. ఈమె అద్దాలక్క.

మెకానిక్ బాబాయ్ అంటే డెబ్భై నాలుగేళ్ళ రేడియో మెకానిక్. పాత క్యాసెట్లు ఆయనకి పంపితే కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఎక్కించి తుడుస్తాడు. జల్లు తీసేస్తాడు. గీతలు తీసేస్తాడు. ఆయన చేతిలోంచి వచ్చిన పాట నిన్ననే పాడినట్టుంటుంది.

ఊరికే చేస్తాడు. పదకొండేళ్ళుగా.

ఆ గుంపులో ఒక మర్యాద ఉంది. క్యాసెట్టు పంపే ప్రతివాళ్ళూ చీటీ మీద ఒకే మాట రాస్తారు — చప్పుడు ఎక్కువ, ఏమీ అనుకోవద్దు, తుడిచి పెట్టండి. ఎవరు మొదలెట్టారో తెలియదు. ఇంటికొచ్చిన వాళ్ళతో ఇల్లు సర్దలేదండీ అంటాం కదా... అలాంటిది. సర్దిన ఇంట్లో కూడా అంటాం.

అందరూ రాస్తారు. ఆమె కూడా రాసింది.

*

గొడవంతా పేరులేని పాట గురించి.

ఆ బ్యాండు ఒకే ఒక్కసారి, రేడియో కచేరీలో, ఒక పాట పాడిందట. ఏ క్యాసెట్లోనూ వేయలేదు. రేడియో వాళ్ళ దగ్గరున్న టేపు మీద వాళ్ళే వేరేది రికార్డు చేసేసుకున్నారు. విన్నామన్నవాళ్ళు ముగ్గురు. ముగ్గురూ మూడు రాగాలు పాడతారు.

"అలాంటి పాటే లేదు," అని గార్డు రాశాడు. "ఉందని ఎవరైనా వినిపిస్తే మీసం తీసేస్తా. నలభై ఏళ్ళ మీసం."

"మీసం సంగతి తర్వాత, ముందు ఆ కచేరీ తారీఖు సరిచూసుకోండి," అని లెక్కల టీచరు.

"తారీఖులు మీరు చూసుకోండమ్మా. నేను రైళ్ళని చూశాను. రాని బండి రాదు."

డబ్బా పక్కన పెట్టి ఆమె ఒక్క ముక్క రాసింది.

"నా దగ్గరుంది."

గుంపు గుంపంతా గుప్పుమంది.

ఉంది. బీరువాలో, పాత దుప్పటి మడతలో. విని పదహారేళ్ళయింది. ఆఖరిసారి విన్నప్పుడు టేపు మిషన్లో చిక్కుకుంది. పెన్సిలు పెట్టి వెనక్కి చుట్టుకుంది. మళ్ళీ పెట్టలేదు. విన్న ప్రతిసారీ కాస్త అరుగుతుందని తెలుసు... అన్నయ్య కాస్త అరుగుతాడని తెలుసు. అందుకని దాచుకుంది. వినకుండా.

పాట కోసం కాదు బాబాయ్‌కి పంపింది. పాట గుంపుకి. ఆమెకి కావల్సింది పదకొండు సెకన్లు — అరగని చోట, మిషన్ నమలని చోట. రోజుకొకసారి విన్నా తరగనట్టు.

ఆ సంగతి చీటీ మీద రాయబోయింది. 'అందులో మా అన్నయ్య' దాకా రాసింది. చదువుకుంది. ముఖం చూడని మనిషికి ఇదంతా ఏంటి అనిపించింది. వింటే ఆయనకే తెలుస్తుందిలే అనుకుంది. చీటీ చింపేసి ఇంకోటి తీసుకుంది.

చప్పుడు ఎక్కువ. ఏమీ అనుకోవద్దు. తుడిచి పెట్టండి.

*

పదో రోజున బాబాయ్ మెసేజ్.

"టేపు జిగురు తేలిందమ్మా. వెచ్చటి పెట్టెలో ఎనిమిది గంటలు ఆరబెట్టాను. ఒక్కసారికి తిరుగుతుంది. ఆ ఒక్కసారి చాలు."

ఆమె రెండు చేతులూ జోడించిన బొమ్మ పంపింది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అందరూ కలిసి వినాలని నిర్ణయం. గుంపులో అదొక అలవాటు. ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని, టీచరు అంకెలు లెక్కపెడుతుంటే, ఒకేసారి నొక్కుతారు. ఎవరి గదిలో వాళ్ళు. అయినా ఒకే గది.

ఆమె తలుపు గడియ పెట్టింది. ఫ్యాన్ ఆపింది. కొత్త ఇయర్‌ఫోన్లు. మంచం మీద కాదు, కుర్చీలో, నిటారుగా.

మూడు.

రెండు.

ఒకటి.

...జల్లు లేదు.

డ్రమ్ము నేరుగా వచ్చింది. ఒక్కో దెబ్బ విడివిడిగా. గొంతు వచ్చింది — పాడేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది. నలభై ఏళ్ళలో ఆ పాట అంత దగ్గరగా ఎవరూ వినలేదు. రెండో చరణం. ఆమె ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు... ఇప్పుడు.

పాడేవాడు పాడుతున్నాడు.

వాడు తప్ప ఎవరూ లేరు.

వెనక్కి జరిపి విన్నది. మళ్ళీ జరిపి విన్నది. వెక్కిళ్ళు లేవు. నవ్వు లేదు. కుర్చీ కిర్రు కూడా లేదు. గదే లేదు.

గుంపులో పండగ. "ఉంది! ఉంది!" అని యాభై మంది. "బాబాయ్, మీ చేతులకి దండం." "అద్దాలక్కా, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు తల్లీ!" పావుగంటలో గార్డు మొదటిసారి తన ఫొటో పెట్టాడు. మీసం లేదు. పైపెదవి ముఖం కంటే తెల్లగా ఉంది.

"అయ్యో, మీసం ఉంటేనే నయమేమో," అంది టీచరు.

"రాని బండి వచ్చిందమ్మా. ఏం చేస్తాం."

ఆమె నవ్వుతున్న బొమ్మ పంపింది. పంపకపోతే బాగుండదు.

తర్వాత బాబాయ్‌కి విడిగా రాసింది.

"బాబాయ్ గారూ, రెండో చరణం దగ్గర ఒక మాట ఉండాలి."

జవాబు వెంటనే వచ్చింది.

"ఉండేదమ్మా. బాగా ఇబ్బంది పెట్టింది. నాలుగు రోజులు కూర్చున్నాను. ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు."

ఆ మాటలో మురిపెం ఉంది. పనిమంతుడి మురిపెం. ఆమెకి తెలుసు అది — అద్దం ఫ్రేములో టక్కున కూర్చున్నప్పుడు వచ్చేది.

"తుడవనిది ఉందా?"

"ఉంచనమ్మా. డిస్కులో చోటు చాలదు. శుభ్రం చేసింది దాని మీదే పెట్టేస్తాను. ఎందుకు?"

"క్యాసెట్టు?"

"ఒక్కసారే తిరిగింది. పాటని పట్టి ఉంచే పొడంతా రాలిపోయింది. అది ఇప్పుడు ఉత్త రిబ్బను."

ఆమె వేళ్ళు అక్షరాల మీద ఆగాయి. చింపేసిన చీటీ మాట, ఇప్పుడు రాసింది.

"అందులో మా అన్నయ్య ఉన్నాడు."

చదివినట్టు గుర్తు పడింది. ఆయన టైపు చేస్తున్నట్టు కనిపించింది. ఆగింది. మళ్ళీ టైపు చేస్తున్నట్టు. మళ్ళీ ఆగింది.

ఫోన్ మోగింది.

*

"అమ్మా."

"ఊఁ."

"ఒక్క మాట చెప్పాల్సిందమ్మా."

"చెప్పాల్సింది."

"నేనైనా అడగాల్సింది. చప్పుడన్నావు కదమ్మా..."

"అందరం అంటాం కదా, బాబాయ్ గారూ."

"అంటారు," అన్నాడాయన. "అందరూ అంటారు."

ఆ తర్వాత మాట్లాడింది ఆమెతో మాట్లాడినట్టు లేదు.

"నాలుగు వందల టేపులు చేశాను. ఒకదాన్లో ఎవరో ఆవిడ అన్నానికి పిలుస్తుంది. మూడుసార్లు పిలుస్తుంది, మూడోసారి తిడుతుంది. ఒకదాన్లో పెద్దాయన దగ్గు. ఒకదాన్లో పసిపిల్ల. అన్నీ తీసేశాను. ఎంత బాగా తీశావు బాబాయ్ అన్నారు."

ఆమె చెవి దగ్గర ఫోన్ టింగుమంటూనే ఉంది. గుంపులో పేరులేని పాటకి పేరు పెట్టాలని ఓట్లు వేస్తున్నారు.

"వెక్కిళ్ళు కూడా ఉన్నాయమ్మా. ఏడు. ఒక్కొక్కటే తీశాను."

"అవి నావి."

ఆయన దగ్గర్నుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వు కావచ్చు. కాకపోవచ్చు.

ఆమె అడిగింది. "ఎన్నిసార్లు విన్నారు?"

"ఏది?"

"మా అన్నయ్యని. తీసేసేముందు."

"తీయాలంటే వినాలి కదా. రెండు వందలసార్లు... ఇంకా ఎక్కువే. పాడేవాడి గొంతు మీద కూర్చున్నాడమ్మా. విడదీయడం..."

రెండు వందలసార్లు. ఆమె జన్మలో విన్నది ముప్పైసార్లు ఉంటుందేమో. అన్నయ్యని అందరికంటే ఎక్కువ విన్న మనిషి ఈయన. అందరికంటే ఆఖరున విన్న మనిషి కూడా.

"ఎలా అన్నాడు?"

"మాట నీకు తెలుసు కదమ్మా."

"మాట తెలుసు. ఎలా అన్నాడో పోయింది. పదహారేళ్ళయింది విని... అనండి బాబాయ్ గారూ. వాడు ఎలా అన్నాడో, అలాగే."

"నేనా?"

"మీరు తప్ప ఎవరున్నారు?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి. రెండుసార్లు. డెబ్భై నాలుగేళ్ళ గొంతు.

"నోరు మూసుకోవే... రికార్డవుతోంది."

ముసలాయన గొంతే. అన్నయ్యది కాదు. కానీ 'వే' దగ్గర... మాట చిన్నగా పైకి లేచింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అక్కడ పైకి వెళ్ళాడా?"

"వెళ్ళాడమ్మా. నవ్వు ఆపుకుంటున్నాడు. అక్కడ గొంతు జారింది."

"ఇంకోసారి."

అన్నాడు. ఈసారి 'వే' ఇంకాస్త పైకి వెళ్ళింది.

"ఇంకోసారి."

ఈసారి లేవాల్సిన చోట లేవలేదు. 'రికార్డవుతోంది' దగ్గర లేచింది. ఆయనకే తెలిసింది. "కాదు కాదు... ఉండు." మళ్ళీ అన్నాడు. మళ్ళీ కాదన్నాడు. మళ్ళీ.

ప్రతిసారీ కాస్త అరిగింది.

"ఏది సరి, బాబాయ్ గారూ?"

"మొదటిదే అనుకుంటానమ్మా." ఆగాడు. "మొదటిసారి ఎలా అన్నాను?"

ఆమె నోరు తెరిచింది. తన చెవిలో ఉన్నది మొదటిదో, మూడోదో... ఆయనదో, అన్నయ్యదో. చెప్పబోయి ఊరుకుంది.

ఇద్దరూ ఫోన్ పెట్టలేదు. ఇద్దరి మధ్యా లైన్లో సన్నగా ఏదో చప్పుడు, ఆగకుండా, ఎక్కడో జల్లు పడుతున్నట్టు. ఆమె కిటికీ వైపు చూసింది.

వాన కాదు.