మార్తాండం ఎడమచెయ్యి

నేను పత్రికల్లో బొమ్మలు అచ్చేసే ఒక జింకు బ్లాకుని. అరచేతి వెడల్పు రేకు, దాని కింద టేకు చెక్క. నా సంగతి తర్వాత, ముందు నాంచారి భయం చెప్పాలి. తన కూతురు జోషిత పుర్రచేతి మీద బళ్ళో కొట్టి కొట్టి, చివరికి చదువే మాన్పించేస్తారని ఆమె భయం. ఉన్న భయాలన్నిట్లోకీ పెద్దది అదే. ఆమె చదువు ఆరో తరగతిలో అలాగే ఆగిపోయింది మరి.

నేను పుట్టింది తెనాలిలో, అరవై ఏళ్ళ కిందట. బొమ్మ దింపిన రేకుని యాసిడ్‌లో ముంచితే అక్కర్లేనిదంతా కరిగిపోయి నేను మిగిలాను. నా మీద ఉన్నవాడు మెరుపుల మార్తాండం, ఆ రోజుల్లో పిల్లల వారపత్రికలో సూపర్ హీరో. ముఖానికి ముసుగు, వీపున దుప్పటంత గుడ్డ, పంట్లాం పైన నిక్కరు. తొందరలో వరస తప్పి తొడుక్కున్నాడేమోనని ఒక్కరూ అడగలేదు. మెరుపుని చేత్తో పట్టి దొంగల మీదికి విసురుతుంటే చాలు, పిల్లలు అన్నం మానేసి చదివేవారు.

పత్రిక మూతపడింది. ప్రెస్సులో అక్షరాలు పేర్చే కోటయ్య నన్ను గుర్తుగా ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన భార్య సామ్రాజ్యానికి గుర్తులతో పనిలేదు. పాలగిన్నె మూత మీద బరువుగా పెట్టింది. లోకాన్ని కాపాడిన మార్తాండం నలభై ఏళ్ళకు పైగా పిల్లుల బారినుంచి పాలు కాపాడాడు. నిజం చెప్పొద్దూ, ఆయన చేసినవాటిలో ఫలితం కంటికి కనిపించిన పని ఇదొక్కటే.

కోటయ్య పోయాడు. నాంచారి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. జోషిత పుట్టింది, చెంచా ఎడమచేత్తో పట్టుకుంది. సామ్రాజ్యం మనవరాలి చేతికి రిబ్బను కట్టి, గౌను వెనక ముడేసేది.

"ఆడపిల్లకి పుర్రచెయ్యేంటే? రేపు నలుగురూ నవ్వరూ?"

నాంచారి ఎదురు చెప్పేది కాదు. అత్తగారు పక్కింటికి వెళ్ళగానే ముడి విప్పేది, చెప్పుల చప్పుడు వినగానే మళ్ళీ కట్టేది. ఆ వేగం మార్తాండానికి కూడా లేదు.

పోయినేడు విజయవాడ నుంచి భార్గవ్ అని బొమ్మలు గీసే ఆయన వచ్చాడు. మరుగున పడ్డ పాత వీరుల్ని కొత్త కామిక్సుల్లో మళ్ళీ బతికిస్తున్నాడట. అతనికి దొరికిన పాత పత్రికలన్నీ చెదలు తిన్నవే. నన్ను కడిగి, ఫోన్‌తో ఫొటోలు తీసుకుని వెళ్ళాడు. ఆర్నెల్లకి కొత్త మార్తాండం వచ్చాడు. కండలు పెరిగాయి, నవ్వు పోయింది, నిక్కరు లోపలికి వెళ్ళింది. ఈ రోజుల్లో వీరుడన్నాక కాస్త దిగులుండాలట.

మెరుపు మాత్రం ఎడమచేతిలో ఉంది!

కంప్యూటరు మీద గీసేవాడికి నా సంగతి ఎవరు చెప్తారు? బ్లాకు మీద బొమ్మ అద్దంలోలా తిరగబడి ఉంటుంది. కాగితం మీద పడ్డాకే సరవుతుంది. అసలు మార్తాండం కుడిచేతివాడు.

భార్గవ్ పంపిన పుస్తకం అట్ట చూసి జోషిత కేకేసింది. "అమ్మా! ఈయన కూడా నాలాగే!"

ఆ రోజు రిబ్బను తనే విప్పుకుని పలక మీద పేరు రాసింది. నాంచారి కళ్ళు తుడుచుకుని "పొగే" అంది. గ్యాసు పొయ్యికి పొగ రాదని ఆమెకి గుర్తులేదు. సామ్రాజ్యం అట్టని అటూ ఇటూ తిప్పి చూసింది.

ఈ ఏడు వేసవిలో భార్గవ్ మళ్ళీ వచ్చాడు. పాత పాఠకుడొకాయన దాచుకున్న పత్రిక పంపించి చీవాట్లు పెట్టాడట. "తప్పు జరిగిందండీ. రెండో పుస్తకంలో కుడిచేతికి మార్చేస్తాను" అన్నాడు.

తలుపు చాటునున్న నాంచారి ముందుకు వచ్చింది.

"మార్చకండి అన్నయ్యా. మా సారు నా పుర్రచేతి మీద స్కేలుతో కొట్టేవాడు. బడి గేటు చూస్తేనే ఒళ్ళు వణికేది, మానేశాను. వచ్చే నెల మా పాప కొత్త బళ్ళో రెండో తరగతి. మార్తాండాన్ని సంచిలో పెట్టుకెళ్తానంటోంది."

"పాత అభిమానులు ఒప్పుకోరమ్మా" అని నసిగాడతను.

సామ్రాజ్యం పాలగిన్నె దగ్గర్నించే అందుకుంది. "నిక్కరు పైన తొడుక్కుంటే ఒప్పుకున్నారుగా! దీనికేం వచ్చింది? రాసుకోనీ దాన్ని. అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాలి, ఆఁ!"

నాంచారి తెరిచిన నోరు మూయలేదు. భార్గవ్ నవ్వి, ఆలోచిస్తానన్నాడు. వెళ్తూ వాళ్ళని అడిగి నన్ను తీసుకెళ్ళాడు. పిల్లుల కాపలాకి సామ్రాజ్యం పొత్రం పెట్టుకుంది.

ఇప్పుడు అతని ఆఫీసులో అద్దాల పెట్టెలో ఉన్నాను. వచ్చినవాళ్ళు వంగి చూసి "అబ్బ, స్వర్ణయుగం!" అంటారు. నా చెక్కకి పట్టిన పాల వాసన వాళ్ళకి తెలీదు. నిన్న రెండో పుస్తకం తెచ్చి నా పక్కన పెట్టారు. మెరుపు ఎడమచేతిలోనే ఉంది.

కానీ బళ్ళు తెరిచి పది రోజులైంది. జోషిత టీచరు ఎలాంటిదో నాకు తెలీదు. మీరెవరైనా తెనాలి వెళ్తే, కాలవ పక్కన బళ్ళో రెండో తరగతి కిటికీలోంచి ఒక్కసారి తొంగి చూడండి. రెండు జడలు, ముందు పన్ను ఊడిన పిల్ల. పెన్సిలు ఏ చేతిలో ఉందో చూసి, వాళ్ళమ్మకి చెప్పండి. గేటు బయటే నిలబడి ఉంటుంది. లోపలికి రావాలంటే ఆమెకి ఇంకా భయమే.