వేలాడే దారం

"ఎవరూ కదలొద్దు," అని గార్డు తలుపుకి అడ్డంగా నిలబడి, చేయి వెనక్కి పెట్టి గొళ్లెం వేశాడు.

తోటలో మొక్కలు పెంచే ఆ అద్దాల గదిలో గాలి అప్పటికే తడిబట్టలా ఒంటికి అంటుకుపోతోంది. పైకప్పు నుంచి నీటి చుక్కలు జారి మెడల మీద పడుతున్నాయి. బట్టల కంపెనీ నుంచి టూరుకొచ్చిన ఆడవాళ్లంతా ఆ ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు ఇరుక్కుపోయారు. అందరి చూపూ నేల మీదే ఉంది. రాతి పలకల మీద వేలెడు పొడవున్న పచ్చటి కాయ ఒకటి మధ్యకి చిట్లి పడి ఉంది. దాని పక్కన, ఆ తడిలోనే, తోట ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చుంది.

ఆమె అరిచి ఉంటే బాగుండేదని, ఆ ఆడవాళ్ల మధ్య నిలబడ్డ చిన్నకోడలికి అనిపించింది. అరిచేవాళ్ల ముందు తల వంచుకుని నిలబడటం ఆమెకి అలవాటే. ఈవిడేమో అరవకుండా జేబురుమాలు పరిచి, చిట్లిన కాయని నిద్రపోతున్న పసిగుడ్డుని ఎత్తినట్టు ఎత్తి అందులో పెట్టుకుంది.

"ఈ తీగ ఇక్కడ పూయడం ఇదే మొదటిసారి," అంది ఆఫీసరు. ఎవరితో అంటోందో తెలియకుండా అంది. "దీని పూలకి పుప్పొడి అంటించే పురుగు ఈ పక్క ఎక్కడా లేదు. కుంచె పట్టుకుని నేనే చేశాను. పూలన్నీ రాలిపోయి ఒక్క కాయ నిలిచింది. తొడిమ బరువు ఆపలేకపోతోందని దారంతో పైతీగకి కట్టాను."

ఆమె లేచి, పైతీగకి మిగిలిన దారం ముడి చూపించింది.

"ఇది తెగింది కాదు. కత్తిరించారు. ఎవరు?"

ఇస్త్రీ సెక్షన్ ఆవిడ గొంతు సవరించుకుంది. "మమ్మల్ని ఇలా ఉడకబెడితే ఏం తేలుతుంది మేడమ్? మా ఇస్త్రీ గదే ఇంతకంటే నయం."

"నువ్వు ఊరుకో," అంది సూపర్‌వైజరు. టూరుకి మనుషుల్ని తీసుకొచ్చింది ఆవిడే. తిరిగి వెళ్లాక యజమానికి జవాబు చెప్పుకోవలసిందీ ఆవిడే. "మా వాళ్ల దగ్గర కత్తెర్లుండవండీ. కంపెనీ కట్టర్లు గేటు దాటవు. దాటాయంటే పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ గేటు లోపలికి రారు. అది మా రూలు."

అది ఉత్తుత్తి రూలు కాదు. ఒకసారి పసిపిల్లల గౌనులో విరిగిన సూది ముక్క దొరికి, పంపిన సరుకంతా వెనక్కి వచ్చేసింది. అప్పట్నించి సూదయినా, కట్టరయినా సాయంత్రం అప్పజెప్పాకే ఎవరైనా ఇంటికెళ్లాలి.

చిన్నకోడలు నిన్న అప్పజెప్పలేదు.

కావాలని చేసింది కాదు. టూరు హడావుడిలో బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఎక్కాలి అని అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, దారాలు తెంపే ఆ చిన్న కట్టర్ యూనిఫాం జేబులోనే ఉండిపోయింది. ఇవాళ టూరుకీ ఆ యూనిఫామే వేసుకుని బస్సెక్కాక చేతికి తగిలింది. సోమవారం గుట్టుగా పెట్టెలో వేసేస్తే సరిపోతుందనుకుంది.

ఫినిషింగ్ సెక్షన్లో ఆమె పని ఒక్కటే. కుట్టి వచ్చిన చొక్కాని తిప్పి, వేలాడే దారం ఎక్కడుంటే అక్కడ, గుడ్డకి తగలకుండా మొదలంటా కత్తిరించాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. ఇంటికెళ్లాక మొగుడి లుంగీ అంచున దారం కనిపించినా ఆమె చేయి ఊరుకోదు. "నా ఒంటి మీద గుడ్డ మిగల్చవే నువ్వు," అని అతను విసుక్కుంటాడు. పెళ్లికి వెళితే పెళ్లికూతుర్ని చూడదు, పెళ్లికూతురి మోచేతి దగ్గర కుట్టు చూస్తుంది.

ఇందాక ఈ గదిలోకి వచ్చినప్పుడు అందరూ తలలెత్తి ఆకుల్ని చూస్తున్నారు. ఆమెకి కనిపించింది మాత్రం ముడి కింద రెండు పోగులుగా వేలాడుతున్న తెల్ల దారం. ఏమీ అనుకోలేదు. చేయి జేబులోకి వెళ్లింది, పైకి లేచింది, కట్టర్ టక్కుమంది. ఆ రెండు పోగుల్లో ఒకటే ఉత్త చివర. రెండోది బరువు మోస్తున్నది.

టప్ మని చప్పుడైంది. చిన్న చప్పుడే. ఆమె చూసింది, చూసి ముందుకి నడిచింది.

అక్కడితో ఆగినా ఎంతో నయంగా ఉండేది. గార్డు ఈల వేసి "అందరి బ్యాగులూ చూడాలి" అని కేకపెట్టినప్పుడు, మధ్యాహ్నం అన్నం డబ్బాలున్న పెద్ద బ్యాగు ఆమె మోకాలి పక్కనే బల్ల మీద జిప్పు తీసి ఉంది. డబ్బాల మధ్య ఎవరు వెతుకుతారు అనుకుంది. కట్టర్‌ని అందులోకి జారవిడిచింది. దారం కత్తిరించింది అలవాటు. ఇది మాత్రం అలవాటు కాదు. ఇది ఆలోచించి చేసిన పని.

ఆ బ్యాగు తోటికోడలిది.

తోటికోడలిని కంపెనీలో అంతా "రేడియో" అంటారు. మిషన్ మీద కాలర్లు కుడుతూ నోటికి విశ్రాంతి ఇవ్వదు. ఈవిడకి ఆపే బటన్ పెట్టడం దేవుడు మర్చిపోయాడని ఇస్త్రీ ఆవిడ అంటుంది. చిన్నకోడలికి ఈ ఉద్యోగం వేయించింది రేడియో. రెండుసార్లు పని పాడుచేసి తిట్లు తిన్నప్పుడు "నా చెల్లెలు, నేను చూసుకుంటాను" అని పూచీపడింది కూడా రేడియోనే. సోమవారం నుంచి ఆమె లైన్ ఇన్‌చార్జి. రోజంతా వంగి కుట్టే బాధ తప్పుతుంది, నడుం నొప్పికి కాస్త తెరిపి వస్తుంది. ఆ కబురు తెలిసినప్పట్నించి ఇంట్లో ఆమె కూనిరాగాలు తీస్తూనే ఉంది.

"ఇందాక ఎవరో దీన్ని కోసుకెళ్తానన్నారు," అన్నాడు గార్డు. "నేను విన్నాను."

అన్నది రేడియోనే. "ఇంత ముద్దొచ్చే కాయని ఇంటికి పట్టుకెళితే మా ఆయన ఇవాళైనా టీవీ వదిలి నా మొహం చూస్తాడేమో" అంది. అందరూ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది.

"అన్నాను బాబూ," అంది రేడియో చేయెత్తి. "అన్నవన్నీ చేస్తే మా ఆయన్ని ఎప్పుడో అమ్మేసేదాన్ని."

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. సూపర్‌వైజరు నవ్వలేదు. "బ్యాగు తెరువు," అంది.

"తెరిచే ఉందిగా మేడమ్. అన్నమే ఉంది. ఆకలేస్తే తినండి."

గార్డు డబ్బాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు చెప్పాలి అనుకుంది చిన్నకోడలు. ఆ డబ్బా తీసే లోపు చెప్పాలి. చివరి డబ్బా పైకి లేచింది. అడుగున కట్టర్ మెరిసింది.

రేడియో ఆ కట్టర్ వంక చూసింది. దాని పిడి ఎడమచేతి వాటానికి వంచి ఉంది. లైన్ మొత్తంలో ఎడమచేత్తో పనిచేసే మనిషి ఒక్కతే. రేడియో తలెత్తింది కానీ చిన్నకోడలి వైపు తిరగలేదు. పొరపాటున కూడా తిరగకూడదన్నట్టు మెడ బిగించుకుంది.

"నాదే," అంది.

"కాలర్లు కుట్టేదానివి, నీకు కట్టరెందుకు?" అంది సూపర్‌వైజరు.

"మిషన్ దగ్గర ఉంచుకుంటాను మేడమ్. నిన్న మర్చిపోయి తెచ్చేశాను."

"కాయ?"

రేడియో ఒక్క క్షణం తడబడింది. "అదీ నేనే."

సూపర్‌వైజరు ముఖంలో కోపం కన్నా అలసట ఎక్కువ కనిపించింది. "నీ కోసం సారుతో ఎంత మాట్లాడానో తెలుసా? కట్టర్ బయటికి తెస్తే ఏమవుతుందో నేను చెప్పాలా నీకు? సోమవారం ఇన్‌చార్జీ లేదు, మిషనూ లేదు. నువ్వు రానక్కర్లేదు."

"సరే మేడమ్."

అంత తేలిగ్గా అనేసింది. చిన్నకోడలు జనాన్ని తోసుకుంటూ ఆమె పక్కకి చేరి, చెవి దగ్గర "అక్కా" అంది.

"నోరు మెదపకు," అంది రేడియో పెదవులు కదపకుండా. "పొద్దున డబ్బాలు సర్దేటప్పుడు నీ జేబులోంచి పడి ఉంటుంది. నీకు అసలే మూడోసారి. నేనంటే పాతదాన్ని, ఇంకెక్కడైనా కుట్టుకుంటాను. నీకెవరిస్తారు?"

పడి ఉంటుంది అంటోంది.

అక్కకి తెలిసింది సగమే. కట్టర్ ఎవరిదో తెలుసు, దారం ఎవరు కత్తిరించారో ఊహించింది. కట్టర్ తన బ్యాగులోకి ఎలా వచ్చిందో మాత్రం ఆమె ఊహకి అందలేదు. తన చెల్లెలు అలా చేస్తుందన్న ఆలోచనే ఆమెకి రాలేదు. పొద్దున జేబులోంచి పడిందనుకుని, ఆ పడటాన్ని కూడా తన నెత్తినే వేసుకుంది.

మాట్లాడకుండా ఉంటే అంతా సర్దుకుపోతుంది. ఉద్యోగం ఉంటుంది. ఇంట్లో అక్క ఏడవదు. మొగుడి మీద నాలుగు జోకులు వేసి, ఇంకో కంపెనీ గేటు దగ్గర నిలబడుతుంది. రోజూ అన్నం వడ్డిస్తూ "తినవే చిన్నా" అంటుంది. ఆ కంచం ముందు తను కూర్చోవాలి.

"పోలీసుల్ని పిలవమంటారా మేడమ్?" అని గార్డు ఆఫీసరుని అడిగాడు.

"వద్దు." ఆఫీసరు రేడియోకి ఎదురుగా వచ్చి నిలబడింది. రుమాలు ఇంకా చేతిలోనే ఉంది. "ఒక్క సంగతి చెప్పండమ్మా. అవతలి కొమ్మకి ఇంకో మొగ్గ ఉంది. అది కాయైతే దానికీ దారమే కట్టాలి. మళ్లీ ఇలా జరక్కూడదంటే ఎందుకు జరిగిందో నాకు తెలియాలి. ఎందుకు కత్తిరించారు?"

"ఇంటికి పట్టుకెళ్దామని."

"అలాగైతే కాయనే కోసేవారు. తొడిమ మీద గాటు కూడా లేదు. దారాన్ని మాత్రం ముడికి ఆనుకుని, కొలిచినట్టు, పీచు లేకుండా కత్తిరించారు. దారంతో మీకేం పని?"

కాలర్ కుట్టేవాళ్లు దారాన్ని పళ్లతో తెంపి పారేస్తారు. మొదలంటా కత్తిరించడం ఎవరి పనో కంపెనీ ఆడవాళ్లందరికీ తెలుసు. ఇస్త్రీ ఆవిడ చూపు నెమ్మదిగా చిన్నకోడలి మీదకి వచ్చి ఆగింది.

"చెప్పండి," అంది ఆఫీసరు.

"ఊరికే, సరదాకి," అంది రేడియో.

ఆఫీసరు ముఖం మారిపోయింది. అంతవరకూ ఆమె కళ్లలో బాధే ఉంది. ఇప్పుడు అసహ్యం వచ్చి చేరింది. చెప్పుకి అంటుకున్నదాన్ని చూసినట్టు రేడియోని చూసింది. "సరదాకి," అని ఆ మాటనే తిరిగి అని, ఇక మాట్లాడటానికేమీ లేదన్నట్టు వెనక్కి తిరిగింది. "తలుపు తీయండి. వీళ్లని పంపేయండి."

రేడియో తల వంచుకుంది. ఎప్పుడూ ఎవరి ముందూ వంచని మనిషి. ఆమె మెడ మీద నీటి చుక్క పడినా తుడుచుకోలేదు.

గార్డు గొళ్లెం తీశాడు. బయటి చల్లగాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. ఆడవాళ్లు కదిలారు. గడప దాటితే చాలు, అంతా అయిపోతుంది.

"వేలాడుతోందని," అంది చిన్నకోడలు.

ఆఫీసరు ఆగింది.

"దారం వేలాడుతోందని కత్తిరించారు మేడమ్. కావాలని కాదు. మా పని అదే. వేలాడే దారం కనిపిస్తే మా చేయి ఆగదు. కాయ దాని మీదే ఆధారపడి ఉందని చూసుకోలేదు. ఈసారి వైరుతో కట్టండి. వైరైతే మాలాంటివాళ్ల చేయి పోదు."

"దీనికి వేడికి తల తిరుగుతోంది మేడమ్," అని రేడియో గబగబా అడ్డం వచ్చింది. ఆమె వేళ్లు చిన్నకోడలి మోచేతిని గట్టిగా నొక్కాయి. "పొద్దున్న ఏమీ తినలేదు. పదవే, పద, బస్సులో కూర్చుందువుగాని."

"నేను బాగానే ఉన్నానక్కా."

"నోరు మూసుకుంటావా లేదా?"

"ఎవరి చేయమ్మా?" అంది ఆఫీసరు. "మా చేయి అంటున్నావు. ఎవరిది?"

చిన్నకోడలు తోటికోడలి వేళ్లని ఒక్కొక్కటే విడిపించింది. సూపర్‌వైజరు చూస్తోంది. ఇస్త్రీ ఆవిడ చూస్తోంది. గడప దాటినవాళ్లు కూడా వెనక్కి తిరిగి అద్దాల్లోంచి చూస్తున్నారు. ఆఫీసరుకి చెప్పాల్సిన మాట తేలిక. కష్టమైనది ఇంకొకటుంది. అది చెప్పేటప్పుడు అక్క ముఖంలోకే చూడాలి. చూసింది.

"నాది. దారం కత్తిరించింది నేను. కట్టర్ పొద్దున పడింది కాదక్కా. గార్డు బ్యాగులు చూడాలన్నాక, నేను దొరక్కూడదని, నీ బ్యాగులో వేసింది నేనే."