ఏరిన గింజలు

బెల్టు మీద పల్లి గింజలు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. పెంటమ్మ చూపు వాటి వెంట పోదు. ఒకే చోట నిలబడి ఉంటుంది. గింజలే వచ్చి ఆ చూపులో పడి దాటిపోతాయి. ముడత పడినవి, పగిలినవి, నల్లబడినవి, బూజు పట్టినవి. ఈ పేర్లేవీ ఆమె మనసులో మెదలవు. అంతకు ముందే బొటనవేలూ చూపుడువేలూ వెళ్లి గింజను పట్టి, ఒళ్లో ఉన్న డబ్బాలో పడేస్తాయి. ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే ఆగి ఆలోచించుకోవాలి.

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే దారిలో ఉన్న ఈ మిల్లులో చేరేనాటికి ఆమె జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు నడుము వంగింది, వేళ్ల చివర గీతలు అరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిని గుర్తుపట్టదు. కళ్లు మాత్రం పదునుగానే ఉన్నాయి. మిల్లు బయట కూడా అవి ఊరుకోవు. పెళ్లి పందిట్లో కూర్చుంటే అంతమందిలో జబ్బు మొహమే ముందు కనపడుతుంది. కోడలు ఉమారాణి ఏదైనా చెబుతుంటే అందులో అబద్ధంలా తోచిన మాట దగ్గర చెవి ఆగుతుంది. తనను మోసం చేయడం ఎవరి తరమూ కాదని ఆమె నమ్మకం.

ఈ రోజు ఆడవాళ్లందరికీ నీలం టోపీలు, చేతులకు పల్చటి తొడుగులు ఇచ్చారు. పోయిన వానాకాలం చివర ఇండోనేసియా వాళ్లు ఏదో తేడా ఉందని మన పల్లీని ఆపేశారు. మిల్లుకు తాళం పడింది. ఆడవాళ్లు పత్తి చేలకు పోయి ఎండలో ఒళ్లు కాల్చుకున్నారు. తర్వాత రెండు దేశాల వాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నారని, దారి మళ్లీ తెరిచారని చెప్పారు. ఇప్పుడు అక్కడివాళ్లు కళ్లారా చూసి పోవడానికి వస్తున్నారు. గేటు మీద రెండు జెండాలున్న బ్యానరు కట్టారు. ఒకటి మనది. రెండోది పైన ఎరుపు, కింద తెలుపు.

"ఈ తొడుగులేస్కుంటే గింజ యాడుందో తెల్వట్లేదు. కొత్తగ అత్తగారింట్ల అన్నం దిన్నట్లున్నది," అంది పక్కన కూర్చున్న ఇందిరమ్మ.

"జర నోరు మూస్కో ఇందిరక్కా. వాళ్లొచ్చే యాల్లయింది," అన్నాడు మేస్త్రీ బాలన్న.

"నోరు మూసెటందుకు గూడ ఏమన్న తెచ్చినవా?"

"తెచ్చిన," అంటూ బాలన్న మాస్కుల కట్ట విప్పాడు. వరసంతా నవ్వింది.

వచ్చినవాళ్లు ముగ్గురు. ఇద్దరు మగవాళ్లు సేటు వెంట గోదాము వైపు వెళ్లారు. తలకు గుడ్డ చుట్టుకున్న పొట్టి ఆవిడ మాత్రం బెల్టు పక్కనే నడుస్తూ వచ్చింది. ఆమె మాటలను తెలుగులో చెప్పడానికి సౌందర్య అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది.

"పెండ్లిసూపులకు వచ్చినట్లు ఎట్ల జూస్తుందో సూడు," అని ఇందిరమ్మ మాస్కు లోంచి గొణిగింది.

ఆవిడ పెంటమ్మ దగ్గర ఆగి, ఒళ్లోని డబ్బాలోంచి ఒక గింజ తీసింది. దాని ముక్కు దగ్గర ఆకుపచ్చగా నూగులాగా ఉంది. గింజను వెలుతురుకు పెట్టి చూసి, ఏదో చెప్పి నవ్వింది.

"ఈమె వాళ్ల దేశంలో పల్లీలు పరీక్ష చేస్తుందమ్మా. మీ చెయ్యి మంచిదంటోంది," అంది సౌందర్య. "వాళ్లింట్లో కూడా రోజూ పల్లీలు నూరుతారంట. రాతి మీదనే. కూరగాయల మీద పోసుకుంటారంట."

పెంటమ్మకు కూడా నవ్వొచ్చింది. సముద్రం అవతల కూడా రాయి, పల్లీ, ఒక ఆడమనిషి. "మేం గూడ గంతే బిడ్డా. తొక్కు నూరుతం. రొట్టెల్లకు."

"ఈ గింజ ఎందుకు తీసేస్తున్నారో మీకెవరైనా చెప్పారా అని అడుగుతోంది."

"కర్రెగైతది గద. రుచుండదు. మీరు తీస్కోరు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈసారి నవ్వకుండా చాలాసేపు చెప్పింది. సౌందర్య మధ్యమధ్య మాటలు వెతుక్కుంది.

"రుచి సంగతి కాదమ్మా. ఈ బూజులో విషం ఉంటుందంట. ఒక్కరోజులో ఏమీ కాదు. రోజూ తింటే ఏళ్ల మీద కాలేయం చెడిపోతుంది. కామెర్లు, కడుపులో నీళ్లు..."

గింజలు పోతూనే ఉన్నాయి.

"వేంచినంక పోదా బిడ్డా?"

సౌందర్య ఆ ప్రశ్న అటు చెప్పింది. ఆవిడ పెంటమ్మ ముఖంలోకి చూసింది. తల ఊపిన తీరుకు తెలుగు అవసరం లేకపోయింది.

"వేయించినా పోదంట."

వాళ్లు ఆఫీసు గదివైపు వెళ్లారు. కాసేపటికి మైకులో సేటు గొంతు వినిపించింది. రెండు దేశాల స్నేహం, రైతుకు మంచి ధర, పిల్లల భవిష్యత్తు. చప్పట్లు. పెంటమ్మ ముందు నుంచి బూజు గింజ ఒకటి దాటిపోయింది. ఇంకొకటి పోయింది. చెయ్యి లేవలేదు.

"ఏందక్కా, నిద్ర వోతున్నవా?" అంటూ ఇందిరమ్మ చెయ్యి చాచి వాటిని తీసింది.

పెనిమిటి చిన్నయ్య తాగేవాడు. అందులో అనుమానం లేదు. వలస పోయిన కాలువ పనుల్లో, పుణె అవతల గుడిసెల్లో కూలి డబ్బు సగం సారాయికే పోయేది. తర్వాత ఊరికి వచ్చి ఒకరోజు మానేశాడు. ఒట్టు పెట్టలేదు, మాల వేసుకోలేదు. తాగడం లేదని మామూలుగా చెప్పాడు. ఆ మాట ఆమె చూపులో పడగానే చెయ్యి దాన్ని తీసి డబ్బాలో వేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అంతే. నోరు వాసన చూసేది. వాసన రాకపోతే, ఇంకేదో నమిలి వచ్చాడనుకునేది.

కళ్లు పచ్చబడ్డాక దవాఖానలో డాక్టరు, తాగుతాడా అని అడిగాడు. చిన్నయ్య నోరు తెరిచేలోపే ఆమె తాగుతాడని చెప్పింది. "ఇడిసిపెట్టిన గదనే," అన్నాడు చిన్నయ్య. డాక్టరు అప్పటికే రాసుకుంటున్నాడు.

మిల్లులో ఏరిన గింజలను సేటు ఆడవాళ్లకు ఊరికే ఇచ్చేవాడు. అది వాళ్లకు గొప్ప మేలు. పెంటమ్మ రోజూ ఇంటికి తెచ్చి, చెడు వాసన పోయేదాకా పెంక మీద వేయించి, ఎండుమిరప, వెల్లిగడ్డ వేసి నూరేది. కొడుకూ కోడలూ హైదరాబాదులో ఇళ్ల పనుల మీద ఉండేవాళ్లు. తను మధ్యాహ్నం మిల్లులో తినేది, రాత్రి ఆకలి ఉండేది కాదు. తొక్కంతా చిన్నయ్యదే. ఆఖరి నెలల్లో అతనికి ఇంకేదీ గొంతు దిగలేదు. అది మాత్రం దిగింది. ఒక పొద్దున ఆమె రొట్టె కాలుస్తుండగా గోడవైపు తిరిగి పడుకున్నవాడు మళ్లీ ఇటు తిరగలేదు.

తాగి పోయాడని ఆమే అందరికీ చెప్పింది. అలా చెప్పడంలో ఒక నిలకడ ఉంది. తాగుబోతుతో కాపురం చేసి నెగ్గుకొచ్చిన మనిషి అన్నారు. ఆ మాట మీద ఆమె ఇన్నేళ్లు కూర్చుంది, పీట మీద కూర్చున్నట్టు. ఇప్పుడు ఆ పాత సారాయే చంపిందో, తన తొక్కు చంపిందో, రెండూ కలిశాయో చెప్పే వాళ్లు లేరు. అటో ఇటో తేలని గింజకు ఆమె దగ్గర డబ్బా లేదు.

సాయంత్రం అతిథుల కార్లు వెళ్లాక బాలన్న ఏరిన గింజల మూటలు బయట పెట్టాడు.

"గియ్యాల్టికే ఆఖరు. రేపటి సంది ఏరినయన్ని కాలవెట్టాలంట. కాగితాల మీద రాస్కున్నరు. జల్ది తీస్కపోండి."

"మా నోటికాడివి గాల్చి వాళ్లకేమొస్తది?" అంటూ ఆడవాళ్లు ఎగబడ్డారు. ఇందిరమ్మ పెద్ద మూటే పట్టింది. ఆమె ఇంట్లో ఇద్దరు మనవలు.

"పెంటక్కా, నీ మూట?" అన్నాడు బాలన్న.

"నాకొద్దు."

"టోపీ వెట్టంగనే దొరసానైంది," అంది ఇందిరమ్మ.

పెంటమ్మ మాట్లాడకపోతే అది అక్కడితో అయిపోయేది. నవ్వి ఆటో ఎక్కితే చాలు. ఇన్నేళ్లు కూర్చున్న పీట కదలదు. మూట పోయి ఇందిరమ్మ వంటింట్లో దిగుతుంది.

"నువ్వు గూడ తీస్కపోకు. ఆ పిల్ల జెప్పింది ఇన్లేదా?"

"ఇన్న. ఇన్నేండ్ల సంది తింటున్నం, ఏమైంది? గుండ్రాయి లెక్క ఉన్నం. నీ ఇంటాయనంటే తాగి..." ఇందిరమ్మ ఆగిపోయింది.

"తాగలే."

ఆడవాళ్లు చూశారు.

"ఆఖరుకు తాగలే. ఇడిసిపెట్టిండు. చెప్తె నేనే నమ్మలే." పెంటమ్మ గొంతు కూలి సంగతి మాట్లాడినట్టే ఉంది. "రోజూ ఈ గింజల తొక్కే వెట్టిన. అదే మంచిగ తినేటోడు."

బాలన్న గేటు గొలుసు సర్దుకున్నాడు. ఆటోవాడు హారను కొట్టాడు. ఒకరి వెనక ఒకరు ఎక్కారు. కొందరి ఒళ్లో మూటలున్నాయి. ఇందిరమ్మ ఎక్కడానికి చేతులు ఖాళీ చేసుకోవాలన్నట్టు మూటను కింద పెట్టి, ఎక్కి, పెంటమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"అవ్వా, ఆ మూట ఎవరిదే?" అన్నాడు ఆటోవాడు.

ఇందిరమ్మ రోడ్డువైపు చూస్తోంది. అతను ఇంకోసారి అడిగి, జవాబు రాకపోతే గేరు వేశాడు. మిల్లు గేటు ముందు, పాత చీరకొంగులో కట్టిన మూట ఒక పక్కకు ఒరిగి ఉంది. ముడి వదులైన చోటు నుంచి గింజలు నాలుగు జారి మట్టిలో పడ్డాయి.