నిమ్మపొట్టు షర్బత్

నిమ్మకాయ పైపొట్టు గీకేటప్పుడు కత్తి తెల్లపొరకు తగలకూడదు. తగిలితే సారా అంతా చేదెక్కుతుంది. పద్నాలుగు రోజుల క్రితం ఇరవై నాలుగు కాయలు అలా గీకి, రెండుసార్లు కాచిన ఇప్పసారాలో వేసి, గాజు జాడీ మూతికి గుడ్డ కట్టి పెట్టాను. ఈ మధ్యాహ్నం దాన్ని పలుచటి బట్టలో వడగడుతుంటే అత్తమ్మ వంటింటి గడపలో నిలబడి అంది.

“అది కలిపినంక జల్ది పోయి మంచంల పండు. హుస్నాబాదోళ్లు వచ్చే యాళ్లయింది.”

మా ఇంట్లో దాన్ని షర్బత్ అంటారు. నా భర్త కాశీనాథానికి సిద్దిపేట చుట్టుపక్కల సారా గుత్త ఉంది. అమ్మేది సారా, మర్యాదస్తులకు పోసేది షర్బత్. యుద్ధం మొదలైన ఏడాది ఆయన తెల్లవాళ్ల దండు ఉండే లష్కర్‌లో ఎవరో ఇంగ్లీషు దొర బంగళాలో తాగి వచ్చాడు. “పచ్చగుంటది. నిమ్మకాయ వాసన గుమ్మంటది, పులుపు మాత్రం ఉండది. చెయ్యి,” అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. పులుపు లేని నిమ్మకాయ ఎక్కడుంటుందా అని నెలల తరబడి ఆలోచించాను. రసం పోస్తే పులిసింది, కాయలు కోసి వేస్తే చెడింది. ఒకరోజు పులిహోరకు రసం పిండి పడేసిన తొక్కను ఊరికే వేళ్లతో నలుపుతూ కూర్చుంటే తెలిసింది, వాసన ఉన్నది రసంలో కాదని. ఆ రోజు నాలో నేను చాలాసేపు సంతోషంగా ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో తోచలేదు. మొదటిసారి చేసినప్పుడు తెల్లపొర పడింది. ఆయన ఉమ్మేసి, “బర్రె గూడ ముట్టది,” అన్నాడు. నాలుగోసారి ఏమీ అనలేదు. మర్నాడు తహసీల్దారును వెంటబెట్టుకొచ్చాడు. అదే మెచ్చుకోవడమని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ రోజు వస్తున్నది హుస్నాబాద్ భిక్షపతి గారు. ఆయన కూతురికి పదిహేడేళ్లు. ఆ పిల్లను మావాళ్లు నా భర్తకు రెండో భార్యగా అడిగారు. మా పెళ్లయి పన్నెండేళ్లయినా పిల్లలు లేరు. ఆ మాట ఒక్కటే చెబితే, ఆరోగ్యంగా తిరుగుతున్న సవతి మీదికి ఎవరూ పిల్లనివ్వరు. అందుకని నాకు గుండెజబ్బనీ, మంచం పట్టాననీ, దసరా దాటనని డాక్టరు చెప్పాడనీ కబురు పంపారు. ఆ కబురు నేను వాకిట్లో చక్కెర జల్లిస్తూ విన్నాను. నా చావుకు గడువు పెట్టిన మాట విన్నప్పుడు కోపం రావాలి. రాలేదు. ఈ నెల కోటా చక్కెర పాకానికి చాలదేమో అన్న ఆలోచన వచ్చింది. తర్వాత రోజులు గడిచేకొద్దీ, ఆ మంచం పట్టిన మనిషి ఎవరో నాకు తెలిసినట్టే అనిపించసాగింది. పాపం, ఆమెకు ఎవరైనా గంజి ఇస్తున్నారా అనుకునేదాన్ని.

అయితే భిక్షపతి గారు ఒక మాట మీద పట్టుబట్టారు. మొదటి భార్య తన చేతులతో కుంకుమ భరిణె అందిస్తేనే పిల్లనిస్తానన్నారు. ఆ ఉసురు తన బిడ్డకు తగలకూడదట. అందుకే ఈ మంచం.

“గంటసేపు పండుకుంటే నీకేం పోయింది? ఎన్నడన్న పగటిపూట నడుం వాల్చినవా? సుఖమే గద!” అన్నాడు నా భర్త పొద్దున.

“పిల్ల వస్తే నీకే ఆసర,” అంది అత్తమ్మ. “ఈ షర్బతు సుత నేర్పియ్యి. నీ చెయ్యికి ఇంత తీరిక దొరుకుతది.”

చల్లారిన పాకం వడగట్టిన సారాలో కలిపాను. పట్నం బస్సులో రంపపు పొట్టులో చుట్టి తెప్పించిన మంచుగడ్డ కొట్టాను. గ్లాసుల్లో మంచు వేసి, రెండు వేళ్ల మందం షర్బత్ పోసి, గోలీసోడా కొట్టి నింపి, పైన పుదీనా వేశాను. పనిమనిషి రామవ్వ పళ్లెం పట్టుకొని నిలబడి చూస్తోంది.

“దొరసానీ, సచ్చేటామె చెయ్యి ఇంత జోరుగ ఆడుతదా?” అంది గొంతు తగ్గించి.

“మంచు కరుగుతది, పో,” అన్నాను.

వైశాఖపు ఎండలో అత్తమ్మ నాకు గొంగడి కప్పింది. నుదుటికి శొంఠి పూసింది. చేతిలో భరిణె పెట్టి, “నోరు మెదపకు,” అంది. హాల్లో మాటలు గోడ అవతల నుంచి వినబడుతున్నాయి.

“వహ్వా! కడుపుల సల్లగ దిగింది. గిదెక్కడిది?”

“మనింట్లదే మామా. నా చెయ్యే.”

“ఇంటామె పడకేస్తే అన్ని నువ్వే చేసుకుంటున్నవన్నట్టు! మంచోనివయ్యా.”

“ఏం జేద్దం మామా. నసీబు.”

నేను కప్పు వైపు చూస్తూ పడుకున్నాను. ఆ మంచం మనిషి మీద నాకు జాలి కూడా పోయింది. వాళ్లు గదిలోకి వచ్చేసరికి ఆ మనిషిని నేనే అయినట్టు పడుకుని ఉన్నాను.

భిక్షపతి గారు తలపాగా చేతబట్టుకొని లోపలికి వచ్చారు. ముసలాయన. మీసానికి పుదీనా ఆకు అంటుకుని ఉంది. వెనక అత్తమ్మ, గుమ్మంలో నా భర్త.

“బిడ్డా, తల్లి లేని పిల్ల నాది,” అన్నారు. “దాన్ని ఏమారిచ్చి ఎవరింటికీ తోలను. నీ మనసొప్పితేనే. మాట్లాడలేవంట, తలూపు సాలు.”

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నన్ను చూసి, నేను చచ్చిపోతానని. పన్నెండేళ్లలో ఈ ఇంట్లో నా కోసం వచ్చిన మొదటి కన్నీళ్లు అవి. అవీ అబద్ధానికి వచ్చినవి.

“నాకు ఏ బీమారీ లేదు పెద్దయ్యా,” అన్నాను.

అత్తమ్మ గభాలున ముందుకొచ్చింది. “పలవరిస్తుంది! పొద్దటి సంది గిట్లనే. నడువుండ్రి, నడువుండ్రి.”

ఆయన కదలలేదు. నా వైపే చూస్తున్నారు, ఏది నమ్మాలో తెలియక. నేను గొంగడి పక్కకు నెట్టి లేచి కూర్చున్నాను.

“ఇరువై నాలుగు నిమ్మకాయలు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “పైపొట్టు మాత్రమే గీకాలె. రెండు శేర్ల ఇప్పసారాల పద్నాలుగు దినాలు నానాలె. పొట్టు పెళుసెక్కి పటుక్కున ఇరిగితే వాసనంత దిగినట్టు. పాకం సల్లారినంకనే కలపాలె, వేడిది పోస్తే మసకగైతది. మీరు తాగినదాంట్ల శేరు చక్కెర పడ్డది. సోడా కొట్టి గడియ కాలే. ఇగ మీ అల్లున్ని అడుగుండ్రి, ఎట్ల జేసిండో చెప్పుమనుండ్రి.”

ఆయన గుమ్మం వైపు తిరిగారు. నా భర్త ఒక అడుగు వెనక్కి వేశాడు.

“సారాల ఏం కలిపినవు కాశీనాథం?” అని ఆయన చాలా మెల్లగా అడిగారు.

నా భర్త తల్లి వైపు చూశాడు. నేను భరిణెను బొడ్లో దోపుకొని మంచం దిగాను.

“కూసోండ్రి పెద్దయ్యా,” అన్నాను. “ఎండల వచ్చిన్రు. ఇంకో గిలాస నేనే తెస్త.”